జుంకేరాస్ జైలుకు వెళ్లి ఏం సాధించారు?

అడిగిన ప్రశ్న ఇది: "2017లో స్పెయిన్‌లోని కాటలోనియా స్వాతంత్ర్య ప్రకటన తర్వాత అధ్యక్షుడు పుజ్‌దమోన్ బెల్జియం వెళ్లిపోయారు. ఉపాధ్యక్షుడు ఓరియోల్ జుంకేరాస్ మాత్రం కదలకుండా ఉండి అరెస్టయ్యారు, 13 ఏళ్ల శిక్ష పడింది. అలా ఉండిపోవడం వల్ల ఆయనకు గానీ, ఉద్యమానికి గానీ ఒరిగింది ఏమిటి? అసలు ఈయన ఎవరు?"

ముందు సూటిగా చెప్పేస్తాను. జైలు ఆయనకు పరపతి తెచ్చింది, విడుదల తేలేదు. విడుదల తెచ్చినవి మాడ్రిడ్ పార్లమెంటులో ఆయన పార్టీకి ఉన్న 13 ఓట్లు. ఈ రెండింటినీ కలిపి చూడనివారికి జుంకేరాస్ త్యాగమూర్తిగానో, మోసపోయిన అమాయకుడిగానో కనిపిస్తారు. నాకు రెండూ నిజమనిపించవు.

నేను 2013 నుంచి 2019 చివరి దాకా బార్సిలోనాలో ఉన్నాను. అనువాదాలు చేసుకుని బతికాను, రోజూ రెండు భాషల్లో పత్రికలు చదవడం నా పనిలో భాగం. కాబట్టి కొంత కళ్లారా చూసింది, కొంత చదివింది కలిపి రాస్తున్నాను. పేర్ల గురించి ఒక మాట: మన పత్రికలు ఇంగ్లీషు స్పెల్లింగు చూసి రకరకాలుగా రాస్తాయి. నేను కాటలాన్ వాళ్లు పలికేదానికి దగ్గరగా రాస్తున్నాను.

జుంకేరాస్ 1969 ఏప్రిల్ 11న బార్సిలోనాలో పుట్టారు. పసితనంలోనే కుటుంబం సాన్ విసెన్స్ దెల్స్ ఓర్త్స్ అనే ఊరికి మారింది. ల్యోబ్రెగాట్ నది పక్కన, బార్సిలోనాను ఆనుకుని ఉన్న పారిశ్రామిక ప్రాంతం అది. 1950లు, 60లలో అందలూసియా, ఎస్త్రెమదూరా వంటి పేద ప్రాంతాల నుంచి వలస వచ్చిన కార్మికుల పిల్లలతో నిండిన ఊళ్లవి. ఇళ్లలో వినిపించేది ఎక్కువగా స్పానిష్, ఓట్లు పడేది సోషలిస్టులకు. కాటలాన్ జాతీయవాదం అంటే పల్లెల్లోని పాత కుటుంబాల వ్యవహారం అనుకునేవాళ్లు అక్కడ ఎక్కువ. జుంకేరాస్ రాజకీయం అర్థం కావాలంటే ఈ ఊరిని మరిచిపోకూడదు. చదివింది బార్సిలోనాలోని ఇటాలియన్ పాఠశాలలో. విశ్వవిద్యాలయంలో మొదట ఆర్థికశాస్త్రంలో చేరి, దాన్ని వదిలి చరిత్రకు మారారు. ఆర్థిక ఆలోచనల చరిత్రలో డాక్టరేట్ చేసి, బార్సిలోనా అటానమస్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు.

ఆయన పరిశోధించిన కాలం 16వ శతాబ్దం, 17వ శతాబ్దపు తొలి దశకాలు. సరిగ్గా ఆ తర్వాతే, 1640లో, కాటలోనియా స్పెయిన్ రాజు మీద తిరగబడింది. 1641 జనవరిలో పావ్ క్లారిస్ అనే మతాధికారి రిపబ్లిక్ ప్రకటించారు. అది వారం రోజులు కూడా నిలవలేదు, వెంటనే ఫ్రాన్స్ రాజు నీడలోకి వెళ్లాల్సి వచ్చింది. 1652లో బార్సిలోనా లొంగిపోయింది. 1714 సెప్టెంబర్ 11న మళ్లీ లొంగిపోయింది, ఆ ఓటమి రోజునే కాటలాన్లు జాతీయ దినంగా జరుపుకుంటారు. 1931లో మాసియా, 1934లో కొంపాన్స్ అనే నాయకులు చెరొకసారి కాటలాన్ రాజ్యం ప్రకటించారు. మొదటిది మూడు రోజుల్లో స్వయంపాలన ఒప్పందంగా మారింది, రెండోది ఒక్క రాత్రిలో ముగిసింది. కొంపాన్స్ జైలుకు వెళ్లారు, తర్వాత ప్రవాసానికి వెళ్లారు. ఫ్రాన్స్‌లో నాజీలు పట్టి అప్పగిస్తే, 1940 అక్టోబర్ 15న బార్సిలోనాలోని మోంజుయిక్ కోటలో నియంత ఫ్రాంకో మనుషులు కాల్చి చంపారు. జుంకేరాస్ ఈ మాసియా, కొంపాన్స్‌ల పార్టీకే నాయకుడు. అంటే ప్రకటన చేసిన మర్నాడు ఏమవుతుందో మంత్రివర్గంలో అందరికంటే బాగా తెలిసిన మనిషి ఆయనే. ఉద్వేగంలో కొట్టుకుపోయి జైలుకు వెళ్లారని ఎవరైనా అంటే నేను నమ్మనిది ఇందుకే.

రాజకీయాల్లోకి వచ్చింది సొంత ఊరి కౌన్సిలర్‌గా. 2009లో ఎస్కెరా పార్టీ జాబితాలో స్వతంత్ర అభ్యర్థిగా యూరోపియన్ పార్లమెంటుకు ఎన్నికయ్యారు. ఎస్కెరా అంటే 'వామపక్షం'. పూర్తి పేరు ఎస్కెరా రిపుబ్లికానా దె కాటలూన్యా, పుట్టింది 1931లో. 2010 ఎన్నికల్లో ఆ పార్టీ 21 స్థానాల నుంచి 10కి పడిపోయి ముఠా తగాదాలతో కుదేలై ఉంది. 2011లో జుంకేరాస్ రెండు పనులు చేశారు. సోషలిస్టుల కంచుకోట అయిన తన ఊళ్లో, వాళ్లకే ఎక్కువ ఓట్లు వచ్చినా, మిగిలిన పార్టీలను కూడగట్టి మేయర్ అయ్యారు. అదే సెప్టెంబర్‌లో పార్టీ పగ్గాలు పట్టారు. మరుసటి ఏడాదే పార్టీ మళ్లీ 21కి చేరింది.

దీని వెనక కాలం కూడా కలిసివచ్చింది. 2006లో కాటలోనియా కొత్త స్వయంపాలన చట్టం తెచ్చుకుంది, ప్రజలు ఓటు వేసి ఆమోదించారు. దాన్ని 2010 జూన్‌లో స్పెయిన్ రాజ్యాంగ న్యాయస్థానం కత్తిరించి, 14 అధికరణలను కొట్టేసింది. మేము ఓటేసి ఆమోదించిన దాన్ని కోర్టు ఎలా కొట్టేస్తుంది అన్న కోపం ఒకవైపు, 2008 తర్వాతి ఆర్థిక సంక్షోభం మరోవైపు. అంతవరకు జనంలో చిన్న వర్గానికే పరిమితమైన స్వాతంత్ర్య వాదం రెండు మూడేళ్లలో సగం జనాన్ని పట్టుకుంది.

2012 నుంచి 2017 దాకా జరిగినదంతా చెప్పబోతే తెల్లారుతుంది. స్థూలంగా, 2014 నవంబర్ 9న ప్రతీకాత్మక ఓటింగ్. 2015లో జుంకేరాస్ పార్టీ, అప్పటి అధ్యక్షుడు ఆర్తుర్ మాస్ పార్టీ ఒకే జాబితాగా పోటీ చేసి, 135లో 62 గెలిచాయి. కావలసింది 68. మిగతావి ఇవ్వగలిగిన తీవ్ర వామపక్షం మాస్‌ను ఒప్పుకోలేదు. దాంతో 2016 జనవరిలో గిరోనా మేయర్ పుజ్‌దమోన్ అధ్యక్షుడయ్యారు, జుంకేరాస్ ఉపాధ్యక్షుడు, ఆర్థిక మంత్రి. కాటలాన్ ప్రభుత్వాన్ని అక్కడ జనరలిటాట్ అంటారు.

డబ్బు పెట్టె జుంకేరాస్ చేతిలో ఉండటమే తర్వాత ఆయన మెడకు చుట్టుకుంది. 2017 సెప్టెంబర్ 20న పోలీసులు సోదాకు వచ్చింది ఆయన శాఖ కార్యాలయానికే. ఆయన కింది అధికారులను అరెస్టు చేశారు. బయట వేలమంది చుట్టుముట్టారు. పదకొండు రోజుల తర్వాత, అక్టోబర్ 1న, కోర్టు నిషేధించిన స్వాతంత్ర్య రిఫరెండం జరిగింది. బ్యాలట్ పెట్టెలను సరిహద్దు అవతల ఫ్రాన్స్ వైపున్న కాటలాన్ ఊరిలో దాచి, చివరి రోజుల్లో మామూలు మనుషులు తమ కార్లలో తెచ్చారు. పోలీసులు ఎంత వెతికినా ఓటింగ్‌కు ముందు ఒక్క పెట్టె దొరకలేదు. మా వీధి చివరి బడి ముందు తెల్లవారుజామున ఐదింటికే వానలో ముసలివాళ్లు గొడుగులు పట్టుకుని నిలబడ్డారు. మా వైపు పోలీసులు రాలేదు. వచ్చిన చోట్ల లాఠీలు ఎలా ఆడాయో ప్రపంచమంతా చూసింది. ఓటేసింది దాదాపు 43 శాతం, అందులో 90 శాతం అవును అన్నారు. వ్యతిరేకించేవాళ్లు చాలావరకు ఇంట్లోనే ఉండిపోయారు. ఈ రెండో సంగతి ఉద్యమకారులు చెప్పరు, నేను చెబుతున్నాను.

ఆ వారంలోనే కాటలోనియాలోని రెండు పెద్ద బ్యాంకులు, కైషా బ్యాంక్, సబదెల్, తమ ప్రధాన కార్యాలయాల చిరునామాలను బయటి ప్రాంతాలకు మార్చేశాయి. ఆర్థిక మంత్రి దగ్గర దీనికి సిద్ధంగా ఉన్న జవాబేమీ కనబడలేదు. త్యాగం గురించి మాట్లాడేటప్పుడు ఇది కూడా ఆయన ఖాతాలో వేయాలి. స్వతంత్ర దేశపు పన్నుల శాఖ, ఖజానా తయారవుతున్నాయని నెలల తరబడి చెప్పినవారు, అక్టోబర్ వచ్చేసరికి చేతిలో చూపించగలిగింది చాలా తక్కువ.

అక్టోబర్ 27న కాటలాన్ పార్లమెంటు 70 ఓట్లతో స్వాతంత్ర్యం ప్రకటించింది. అదే మధ్యాహ్నం మాడ్రిడ్ సెనేట్ 155వ అధికరణను ఆమోదించింది. మన రాష్ట్రపతి పాలన లాంటిది అనుకోండి. ప్రకటన చేశారు గాని జనరలిటాట్ భవనం మీది స్పెయిన్ జెండా దింపలేదు. సోమవారానికల్లా పుజ్‌దమోన్, కొందరు మంత్రులు బ్రసెల్స్‌లో తేలారు. జుంకేరాస్, మరికొందరు మంత్రులు ఉండిపోయి నవంబర్ 2న మాడ్రిడ్ కోర్టుకు వెళ్లారు. ఆ సాయంత్రమే అందరినీ జైలుకు పంపారు. పారిపోయే ప్రమాదం ఉందనడానికి, నిందితుల్లో కొందరు అప్పటికే విదేశాలకు వెళ్లారన్న సంగతిని న్యాయమూర్తి తన ఉత్తర్వులో ప్రస్తావించారు. వెళ్లినవాళ్ల పాపం ఉన్నవాళ్ల నెత్తిన పడిందన్నమాట.

ఆ తర్వాత మూడేళ్ల ఎనిమిది నెలలు. మొదట మాడ్రిడ్ దగ్గరి ఎస్త్రెమెరా జైలు, 2018 జూలైలో కాటలోనియాలోని ల్యెదోనెర్స్ జైలు. మధ్యలో ఏం జరిగిందో గమనించండి: 2018 జూన్ 1న ప్రధాని రహోయ్ అవిశ్వాస తీర్మానంలో ఓడిపోయారు, సోషలిస్టు పెద్రో సాంచెజ్ ప్రధాని అయ్యారు. ఆయనకు పడిన ఓట్లలో ఎస్కెరా ఓట్లూ ఉన్నాయి. నెల తిరగగానే ఖైదీలు సొంత ప్రాంతానికి వచ్చారు. ఇంటివాళ్లు ములాఖత్‌కు ఆరు వందల కిలోమీటర్లు ప్రయాణించే బాధ తప్పింది.

2019 ఫిబ్రవరి 12న సుప్రీంకోర్టులో విచారణ మొదలైంది. తిరుగుబాటు నేరం కింద జుంకేరాస్‌కు 25 ఏళ్లు వేయమని ప్రాసిక్యూషన్ అడిగింది. ఆయన తన న్యాయవాది ప్రశ్నలకు మాత్రమే జవాబిచ్చారు. తాను రాజకీయ ఖైదీనని, స్పెయిన్ ప్రజలన్నా స్పానిష్ భాషన్నా తనకు ప్రేమేనని చెప్పుకున్నారు. ఈ ధోరణి ఆయన నమ్మే క్యాథలిక్ మతం నుంచి వచ్చిందంటారు. ప్రత్యర్థులకు మాత్రం అది పాదిరీ ఉపన్యాసంలా చిరాకు పుట్టిస్తుంది. అక్టోబర్ 14న తీర్పు వచ్చింది. తిరుగుబాటు నేరం రుజువు కాలేదు, రాజద్రోహం, ప్రజాధన దుర్వినియోగం రుజువయ్యాయి. 13 ఏళ్లు, జైలు శిక్ష పడిన తొమ్మిదిమందిలో అందరికంటే ఎక్కువ. విచిత్రం ఏమంటే, స్వాతంత్ర్యం నిజంగా వస్తుందని నాయకులే నమ్మలేదని, జనాన్ని కదిలించడానికి చూపిన భ్రమ అని కోర్టే రాసింది. భ్రమ చూపినందుకు 13 ఏళ్లా అని మా కాఫీ హోటల్లో ఒక పెద్దాయన అడిగితే ఎవరూ మాట్లాడలేదు. ఆయన స్వాతంత్ర్యవాది కూడా కాదు. ఆ సాయంత్రం విమానాశ్రయాన్ని జనం ముట్టడించారు. వారమంతా నగరం నడిబొడ్డున చెత్త డబ్బాలు తగలబడ్డాయి.

ఇక్కడ కొంచెం ఆగి ఒక సంగతి వివరంగా చెప్పాలి. ఉండిపోయినవాడికి, వెళ్లిపోయినవాడికి తేడా ఇంత స్పష్టంగా ఇంకెక్కడా కనబడదు. 2019 మేలో జుంకేరాస్ జైలు నుంచే యూరోపియన్ పార్లమెంటుకు పోటీ చేసి గెలిచారు. ఎన్నికైన సభ్యుడు మాడ్రిడ్‌కు వచ్చి రాజ్యాంగానికి విధేయత ప్రకటిస్తేనే సభ్యత్వం అని స్పెయిన్ నిబంధన. అందుకోసం బయటకు వెళ్లడానికి కోర్టు అనుమతించలేదు. జుంకేరాస్ అప్పీలు మీద సుప్రీంకోర్టు లగ్జెంబర్గ్‌లోని యూరోపియన్ న్యాయస్థానాన్ని వివరణ అడిగింది. అడిగింది గాని, జవాబు వచ్చేదాకా ఆగకుండా అక్టోబర్‌లో శిక్ష వేసేసింది. డిసెంబర్ 19న లగ్జెంబర్గ్ జవాబు వచ్చింది: ఫలితం ప్రకటించిన క్షణం నుంచే ఆయన సభ్యుడు, సభ్యుడికుండే చట్టపరమైన రక్షణ ఉంది. జుంకేరాస్ గెలిచారు! కానీ జనవరిలో స్పెయిన్ సుప్రీంకోర్టు, ఆయనకు శిక్ష ఖరారైంది కాబట్టి ఇప్పుడు ఆ రక్షణ పనికిరాదని తేల్చింది. ఆయన సీటు పోయింది. అదే తీర్పును పట్టుకుని, మాడ్రిడ్‌కు రాలేక సభ్యత్వం ఆగిపోయి ఉన్న పుజ్‌దమోన్ బ్రసెల్స్‌లో దర్జాగా సభలోకి అడుగుపెట్టారు. దావా గెలిచినవాడు జైల్లో, దాని ఫలం అనుభవించినవాడు కుర్చీలో. రెండు పార్టీల మధ్య అప్పటికే ఉన్న చేదును ఇది ఇంకా పెంచింది.

మళ్లీ లెక్కల్లోకి వద్దాం. 2019 ఏప్రిల్ సార్వత్రిక ఎన్నికల్లో ఎస్కెరా కాటలోనియాలో మొదటి స్థానంలో నిలిచి 15 సీట్లు గెలిచింది. జాబితాలో మొదటి పేరు ఖైదీ జుంకేరాస్‌దే. పరపతి అన్నాను, అది ఇదే. నవంబర్‌లో మళ్లీ ఎన్నికలు, 13 సీట్లు. 2020 జనవరి 7న సాంచెజ్ ప్రధానిగా నెగ్గింది 167–165 తేడాతో. ఎవరికీ వేయకుండా తటస్థంగా ఉన్న 18 మందిలో 13 మంది ఎస్కెరా వాళ్లు. వాళ్లు వ్యతిరేకంగా వేసి ఉంటే ప్రభుత్వమే లేదు. తమ నాయకుణ్ణి జైల్లో పెట్టిన రాజ్యంలో ప్రభుత్వం ఏర్పడనివ్వాలని నిర్ణయించింది ఆ జైలు గదిలోని నాయకుడే. వీధిలో ఆయనను ద్రోహి అన్నవాళ్లను నేను విన్నాను.

2021 జూన్ మొదట్లో జుంకేరాస్ పత్రికకు ఒక లేఖ రాశారు. ఏకపక్ష ప్రకటన దారి ఇక పనికిరాదని, 2017లో తాము చేసినదాన్ని సమాజంలో కొందరు న్యాయంగా చూడలేదని అందులో ఒప్పుకున్నారు. క్షమాభిక్ష ఉద్రిక్తతను తగ్గిస్తుందని అన్నారు. సుప్రీంకోర్టు క్షమాభిక్ష వద్దని అభిప్రాయం ఇచ్చినా, జూన్ 22న మాడ్రిడ్ మంత్రివర్గం ఆమోదించింది. మర్నాడు తొమ్మిదిమందీ బయటకు వచ్చారు. ఒక మెలిక మాత్రం ఉంచారు: ఖైదు మాఫీ, పదవులకు అనర్హత కొనసాగుతుంది. 2022 చివర్లో ఎస్కెరా ఒత్తిడితో రాజద్రోహ నేరాన్నే శిక్షాస్మృతి నుంచి తీసేశారు. అయినా దుర్వినియోగం నేరం మిగిలిందని చెప్పి కోర్టు జుంకేరాస్ అనర్హతను 2031 దాకా అలాగే ఉంచింది.

తర్వాత ఆమ్నెస్టీ చట్టం. క్షమాభిక్ష శిక్షను మాఫీ చేస్తుంది, ఆమ్నెస్టీ నేరాన్నే తుడిచేస్తుంది. 2024 మే 30న అది 177–172 తేడాతో నెగ్గింది. ఈసారి సాంచెజ్‌కు అత్యవసరమైనవి పుజ్‌దమోన్ పార్టీ ఏడు ఓట్లు. మళ్లీ లెక్కలే! కానీ సుప్రీంకోర్టు జూలై 1న దుర్వినియోగానికి ఆమ్నెస్టీ వర్తించదంది. సొంత లాభం కోసం చేసిన దుర్వినియోగానికి మినహాయింపు లేదని చట్టంలో ఉంది. రిఫరెండం ఖర్చు నాయకులు సొంత జేబులోంచి పెట్టుకోకుండా ప్రభుత్వ డబ్బు వాడారు, ఆ మేరకు వాళ్ల జేబు మిగిలింది, అది లాభమే అని కోర్టు వాదన. ఒక న్యాయమూర్తి దీనితో విభేదించారు. నాకు న్యాయశాస్త్రం రాదు. కానీ ఆ తర్కం చదివినప్పుడు, ముందు జవాబు రాసుకుని తర్వాత లెక్క చేసిన విద్యార్థి గుర్తొచ్చాడు. 2025 జూన్‌లో రాజ్యాంగ న్యాయస్థానం ఆమ్నెస్టీ చట్టం ప్రధానంగా చెల్లుతుందని తేల్చింది.

ఇక జుంకేరాస్ నెత్తిన ఉన్న అప్పులు. ఎస్కెరా వాళ్లు 2021లో జనరలిటాట్ అధ్యక్ష పదవి అందుకుని 2024 మే ఎన్నికల్లో 33 నుంచి 20 స్థానాలకు కూలిపోయారు. స్వాతంత్ర్య పార్టీలన్నీ కలిసినా మెజారిటీ లేదు. జనరలిటాట్ సోషలిస్టు సాల్వదోర్ ఇల్యా చేతికి వెళ్లింది, అదీ ఎస్కెరా ఓట్లతోనే. పార్టీ లోపల జుంకేరాస్‌కు, ఏళ్ల తరబడి కుడిభుజంగా ఉండి స్విట్జర్లాండ్‌లో ప్రవాసం గడిపిన మార్తా రొవీరాకు చెడింది. సొంత పార్టీ అభ్యర్థినే కించపరిచే పోస్టర్లు పార్టీ మనుషులే అంటించిన వ్యవహారం బయటపడి పరువు పోయింది, దాని గురించి తనకు తెలియదని జుంకేరాస్ అన్నారు. కొన్ని నెలలు పదవి వదిలి, జిల్లాలన్నీ తిరిగి, 2024 డిసెంబర్‌లో దాదాపు 52 శాతం ఓట్లతో మళ్లీ పార్టీ అధ్యక్షుడయ్యారు. ఒకప్పుడు దాదాపు ఏకగ్రీవంగా గెలిచిన మనిషికి 52 శాతం అంటే, జైలు తెచ్చిన పరపతి కరిగిపోతున్నట్టే.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు ఇది. పుజ్‌దమోన్ వెళ్లడం వల్ల ఉద్యమం యూరప్ కోర్టుల్లో బతికింది. జుంకేరాస్ ఉండటం వల్ల ఒక పార్టీ మాడ్రిడ్‌లో బేరమాడే స్థితిలో నిలిచింది. తొమ్మిదిమంది ఖైదీలు ఇంటికి వచ్చింది ఆ బేరంతోనే. స్వాతంత్ర్యం మాత్రం ఇద్దరిలో ఎవరి వల్లా దగ్గరపడలేదు. ఆయన అసలు పథకం అంతకు ముందుది: తన ఊరిలాంటి ఊళ్లలో, ఇంట్లో స్పానిష్ మాట్లాడే కుటుంబాలను మెల్లగా ఒప్పించడం. దాన్నే వాళ్లు పునాదిని వెడల్పు చేయడం అంటారు. 2017లో ఆ ఓపిక ఆయనకే లేకపోయింది. అక్టోబర్ చివర్లో పుజ్‌దమోన్ వెనక్కి తగ్గి ఎన్నికలు పెడదామని ఊగిసలాడినప్పుడు, ఆయనను ద్రోహి అన్నట్టు వేలు చూపించినవాళ్లలో ఎస్కెరా నాయకులూ ఉన్నారు. జుంకేరాస్ అప్పుడు గట్టిగా ఆపి ఉంటే 155 వచ్చేదో కాదో గాని, ఆ ఊళ్ల నమ్మకం అంతగా చెదిరేది కాదని నా అభిప్రాయం.

అనర్హత గడువు నిజంగా 2031 దాకా నడిస్తే అప్పటికి జుంకేరాస్‌కు 62 ఏళ్లు వస్తాయి. మాసియా జనరలిటాట్ అధ్యక్షుడైన నాటికి ఆయన వయసు 71. చరిత్ర పాఠాలు చెప్పిన మనిషికి ఈ లెక్క ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు.